జమేదార్‌కు నేను రాసిన సర్టిఫికెట్

మొన్న నా వీడ్కోలు సభలో ఒక కుర్ర డాక్టరు లేచి నా గురించి ఒక కథ చెప్పాడు. పశువుల దవాఖానలో వేల బర్రెలకు సూదులు పొడిచిన ఈ పెద్దమనిషి, ఒకప్పుడు కుక్కకాటు సూదులకు తన వంతు వచ్చేసరికి గజగజ వణికాడట. అప్పుడు పక్కింట్లో ఉండే డ్రిల్లు సారు ఆయనకు తోడుగా, సోపతిగా పెద్ద దవాఖానకు వెళ్లి, తనకు అక్కర లేకపోయినా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్నాడట. ఆ కుర్రాడు ఆ సారు దగ్గరే చదివాడు. బడిలో ప్రార్థన అయ్యాక స్నేహం గురించి చెప్పవలసి వస్తే సారు ఈ కథే చెప్పేవారట. సభ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఇంటిదాకా నన్ను వదలలేదు. ఎందుకంటే ఆ కథలో భయం ఒక్కటే నిజం. సూదులు అక్కర ఉన్నది సారుకు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. తెలిసీ పాతికేళ్లు నోరు మెదపలేదు. మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నా అనుభవాలు రాసివ్వమని అడిగారు. గాలికుంటు గురించి, గొంతువాపు గురించి రాయడానికి నాకంటే చదువుకున్నవాళ్లున్నారు. నేను ఒక కుక్క గురించి, ఒక కాగితం గురించి రాస్తాను. మనుషుల పేర్లు రాయను. కుక్క పేరు రాస్తే అభ్యంతరం చెప్పేవాళ్లెవరూ లేరు కనుక రాస్తాను. జమేదార్.

జమేదార్ నాకు దేవరకొండలో దొరికింది. ఎనభైల చివర అక్కడి పశువుల దవాఖానలో కంపౌండరుగా నా మొదటి ఉద్యోగం. ఒక లారీల యజమాని కాలు విరిగిన పెద్ద కుక్కను గోనెపట్టా మీద తెచ్చి వరండాలో దింపి, "దీన్ని పండవెట్టే సూది ఉంటదట గద, ఏసెయ్యి" అని వెళ్లిపోయాడు. అల్సేషన్‌కూ మరి దేనికో పుట్టిన కుక్క. పడుకున్నా నా మోకాలి ఎత్తు ఉంది. డాక్టరు క్యాంపుకు వెళ్లాడు. నేను సూది బదులు వెదురు బద్దలు తీసి కట్టు కట్టాను. ఆ కట్టును రెండుసార్లు తినేసింది. మూడోసారి కట్టిందాన్ని మాత్రం ఎందుకో మన్నించింది. కాలు అతుక్కున్నాక వరండాలో కూర్చుని వచ్చేపోయే రైతులను పోలీసు జమేదారులా పైనుంచి కిందికి చూసేది. అలా ఆ పేరు పడింది.

తొంభైల మొదట్లో పాలమూరుకు బదిలీ అయింది. జీతగాడికి బదిలీ మామూలే. కానీ నాకు అప్పటికి పెళ్లి కాలేదు, కుక్క మాత్రం ఉంది. అద్దె ఇంటికోసం తిరిగినవాళ్లకు ఈ రెండింటి బరువు తెలుస్తుంది. "ఎందరుంటరు?" అని అడిగేవాళ్లు. ఇద్దరం అనేవాణ్ణి. ఇంటావిడ ఎప్పుడొస్తుందని అడిగితే, రెండో ప్రాణి గేటు బయటే ఉందని చూపించేవాణ్ణి. తలుపు పడేది. ఒక పెద్దావిడ జమేదార్‌ను చాలాసేపు చూసి, "కుక్కకైతే ఇస్తుంటిమి బిడ్డా, పెండ్లిగాని పిలగానికి మాత్రం ఇయ్యం" అంది. నెల రోజులు దవాఖాన దాణా గదిలో పడుకున్నాం. జమేదార్‌కు బాగానే ఉంది. నాకు మాత్రం ఒళ్లంతా తౌడు వాసన.

అప్పుడు దొరికింది ఆ బిల్డింగు. మూడంతస్తులు. అపార్ట్‌మెంటు అని బోర్డు పెట్టుకున్నవి అప్పటికి ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. యజమాని హాజీ సాబు, పల్లీల మండీలో కమిషన్ దుకాణం ఆయనది. కింది అంతస్తులో ఉండేవాడు. నేను గొలుసు పట్టుకుని గేటు దగ్గర నిలబడగానే, ఆయన మొహంలో జవాబు కనిపించింది. సరిగ్గా అప్పుడు పై నుంచి మెడలో విజిల్, కాళ్లకు తెల్ల బూట్లతో ఒకాయన దిగుతున్నాడు. సర్కారు బడి డ్రిల్లు సారు. కుక్కను చూసి మెట్టు మీదే ఆగి, "బైఠో!" అన్నాడు. ఆ గొంతుకు జమేదార్ కూర్చుంది. హాజీ సాబు కూడా తెలియకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"హాజీ సాబ్, గిది పదో తరగతి పోరగాండ్ల కన్న నయం" అన్నాడు సారు. "ఒక్కసారి చెప్తె ఇన్నది. దీని జమానత్ నాది."

ముందూ వెనకా తెలియని మనిషికి, అతని కుక్కకు, నిలబడ్డచోట జామీను ఇచ్చాడు. సారు పద్ధతే అంత.

హాజీ సాబు వ్యాపారి. నోటి జమానత్‌తో మండీలో ఒక్క బస్తా కదలదు. తాము నమాజు చేసేవాళ్లమని, కుక్క నోరు బట్టలకు తగిలితే మళ్లీ కడుక్కోవాలని, తాను మసీదుకు పోయే వేళల్లో మెట్ల మీద కుక్క కనిపించకూడదని మర్యాదగానే చెప్పాడు. ఆఖరున అసలు షరతు పెట్టాడు. "పిచ్చి టీకా ఇచ్చినట్టు సర్కారు మొహరుతోని కాయితం తేవాలె, డాక్టర్ సాబ్. గప్పుడే ఇంటి తాళం చావి ఇస్త."

కంపౌండర్లను డాక్టర్ సాబ్ అనడం మన దగ్గర అలవాటే. ఆ రోజు ఆ పిలుపు కూడా నా నెత్తికెక్కింది కాబోలు, రేపే తెస్తానన్నాను.

ఇప్పుడు పిల్లలు కొంచెం జాగ్రత్తగా చదవాలి. రేబీస్ టీకా చల్లగా ఉంటేనే టీకా. వెచ్చబడితే సీసాలో ఉన్నది నీళ్లతో సమానం. ఆ ఎండాకాలం మా దవాఖాన ఫ్రిజ్ చెడిపోయింది. ఉన్న సీసాలన్నీ పారబోయించి, కొత్త సరుకు కోసం మా డాక్టరు హైదరాబాదుకు ఉత్తరం రాశాడు. అంటే ఆ వారం పాలమూరు పశువుల దవాఖానలో కుక్కకు వేయడానికి ఒక్క చుక్క టీకా లేదు. కానీ మొహరు ఉంది. అచ్చు కాగితాలున్నాయి. మా డాక్టరు ముందు బ్యాంకు రుణాలతో కొనే బర్రెల ఆరోగ్య పత్రాలు కుప్పగా ఉన్నాయి. ఆయన చేయి మంచిది, కత్తి పట్టుకుంటే దేవుడు. కాగితం దగ్గర మాత్రం నేను వేలు పెట్టినచోటల్లా సంతకం పెట్టేవాడు. ఆరో బర్రెకూ ఏడో బర్రెకూ మధ్య జమేదార్‌ను పెట్టాను. వేలు పెట్టాను. సంతకం అయింది.

అది మోసమని నాకు అనిపించలేదు. సరుకు రాగానే వేస్తాను కదా, కాగితం నాలుగు రోజులు ముందుకు నడిచింది, అంతే అనుకున్నాను.

హాజీ సాబు ఆ సర్టిఫికెట్టును అటూ ఇటూ తిప్పి మొహరును గోటితో గీకి చూశాడు. మర్నాడు దానికి అద్దం వేయించి, ఫ్రేము కట్టించి, మెట్ల దగ్గర బిల్డింగు పర్మిషన్ కాగితం పక్కన వేలాడదీశాడు. వచ్చిన చుట్టాలందరికీ చూపించేవాడు. ఆ ఊళ్లో ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు ఉన్న కుక్క మరొకటి ఉండదు. రోజుకు నాలుగుసార్లు ఆ అబద్ధం పక్కనుంచే మెట్లెక్కాను, దిగాను. మొదటి వారం కళ్లు తిప్పుకునేవాణ్ణి. నెల అయ్యేసరికి నేనే దాన్ని నమ్మాను.

నమ్మానని ఎందుకంటున్నానంటే, సరుకు వచ్చింది. ఊళ్లో కుక్కలన్నింటికీ వేశాను. ఇంటి కుక్కే కదా, ఎక్కడికి పోతుంది, రేపు వేద్దాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

ఆ మధ్యలో మాత్రం మంచి రోజులు గడిచాయి. హాజీ సాబుకు ఎదురుపడకుండా ఉండేందుకు అయిదు నమాజుల వేళలూ నాకు కంఠస్థమయ్యాయి. ఒకసారి ఆయనే వేళ మరిచిపోయి అరుగు మీద ముచ్చట్లలో ఉంటే, "సాబ్, అసర్ అయితుంది" అని నేను గుర్తు చేశాను. సారు పొద్దున్నే మిద్దె మీద జమేదార్‌తో డ్రిల్లు చేయించేవాడు. ఒక విజిల్‌కు కూర్చోవడం, రెండింటికి లేవడం. సారు భార్య మిగిలిన జొన్నరొట్టె ముక్కలు పంపేది. నన్ను తమ్మీ అనేది, కుక్కను మాత్రం జమేదార్ సాబ్ అనేది.

ఒకరోజు మిద్దె మీద సారు వంగి రొట్టె అందిస్తుంటే, మెడలోని విజిల్ జమేదార్ మూతి ముందు ఊగింది. అది రొట్టెను వదిలి విజిల్‌కు ఎగిరింది. సారు చెయ్యి అడ్డం పెట్టాడు. ముంజేతి మీద రెండు పళ్లు దిగాయి. రెండు చుక్కల నెత్తురు. సారు నవ్వాడు. తప్పు తనదేనని, విజిల్ జేబులో పెట్టుకోవాల్సిందని అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. వారం కిందట జమేదార్ మాంసం దుకాణాల సందులో ఒక వీధికుక్కతో కలబడి చెవి చింపించుకుని వచ్చింది. మూడు రోజుల కిందట అదే సందు నుంచి ఒక లేగను మా దవాఖానకు తెచ్చారు. దాన్ని కరిచిన కుక్కను జనం కొట్టి చంపారట. చొంగ కార్చుకుంటూ తిరిగిందట. జమేదార్ చెవి చింపింది కూడా అదే కావచ్చు. ఆ రోగం వచ్చిన బర్రెను నేను అంతకుముందే ఒకసారి చూసి ఉన్నాను. నీళ్ల తొట్టి ముందు నిలబడి, దాహంతో, ఒక్క గుక్క మింగలేక అరిచిన అరుపు అది. రోగం బయటపడ్డాక పశువుకైనా మనిషికైనా మందు లేదు.

సారును కుళాయి దగ్గరికి లాక్కెళ్లి సబ్బుతో ఆ చెయ్యి కడగడం మొదలుపెట్టాను. ఆపితే ఏమవుతుందో అన్నట్టు కడిగాను. "ఏందివయ్యా, బట్టలు ఉతికినట్టు ఉతుకుతున్నవ్" అన్నాడు. పెద్ద దవాఖానకు పోయి సూదులు వేయించుకుందామన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, కిందికి, మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

"అద్దంల వెట్టుకున్నంగ. సర్కారు కాయితం మీద నీకే నమ్మకం లేకపోతె ఎట్ల తమ్మీ?"

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఉద్యోగం కనిపించింది, డాక్టరు సంతకం కనిపించింది, దాణా గది కనిపించింది. నోరు మూసుకున్నాను. సారు పోతూ పోతూ, అంతగా అయితే ఆదివారం నాడు తమ ఊరికి పోయి ఆకు పసరు పోయించుకుంటానని, తమ ఇంటోళ్లందరూ కుక్క కరిస్తే అదే చేస్తారని చెప్పాడు. పసరుతో ఆ రోగం ఆగదు.

ఆ రోజు పనిలో నేను ఒక ఎద్దుకు ఇవ్వాల్సిన మందు పక్కన నిలబడ్డ ఎద్దుకు తాగించాను. తలలో ఒక లెక్కే తిరుగుతోంది. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాలి. పదో రోజుకు అది మామూలుగా తింటూ తాగుతూ ఉంటే, కరిచిననాటికి దానికి రోగం లేనట్టే. కానీ ఆ పది రోజులు చూస్తూ కూర్చుని, ఒకవేళ రోగమే ఉంటే, సారు మనకు దక్కడు. సూదులు వెంటనే మొదలుకావాలి. నిజం చెప్పకుండా, ఇనుపకడ్డీలాంటి ఆ మనిషిని బల్ల మీద పడుకోబెట్టాలి.

మర్నాడు పొద్దున్నే వాళ్ల తలుపు కొట్టాను. రాత్రంతా నిద్ర లేని మొహం నటించనక్కరలేదు. నన్ను కూడా జమేదార్ గీరిందని, సర్టిఫికెట్టు ఉన్నా నాకు భయంగా ఉందని, సూదులు వేయించుకుంటానని, కానీ పొట్ట మీద సూది అంటే కాళ్లు ఆడడం లేదని చెప్పాను. సారు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "బర్రెలకు పొడుస్తవు గద తమ్మీ, గప్పుడు తెల్వలేదా?"

సారు మాత్రం నవ్వలేదు. బూట్లు వేసుకున్నాడు.

"నవ్వకే. భయం ఎవనికైన భయమే. నడువు తమ్మీ, నీ సోపతి నేనొస్త."

పెద్ద దవాఖానలో డాక్టరు ముందు నా చెయ్యి చూపించాను. దాని మీద రెండు రోజుల కిందట ముళ్లతీగ గీరిన గీత ఉంది. దొంగమాట చెబుతూనే, ఆ గీతను జమేదార్ రోజూ నాకుతోందని గుర్తొచ్చింది. నాకు నిజంగానే చెమటలు పోశాయి. డాక్టరు సారు ముంజేతి మీది పళ్ల గుర్తులు కూడా చూసి, ఇద్దరికీ కావాలన్నాడు. సారు సర్టిఫికెట్టు సంగతి ఎత్తాడు. డాక్టరు తల ఎత్తకుండానే, కుక్క కాగితం చూసి మనిషికి వైద్యం చెయ్యనన్నాడు. నా ఉద్యోగ జీవితంలో విన్న మాటల్లో అంత విలువైనది మరొకటి లేదు.

సారు వాదించేవాడే. కానీ నా వైపు చూశాడు. నేను వణుకుతున్నాను. బనియన్ పైకెత్తి బల్ల మీద పడుకున్నాడు.

"నాకు ముందు ఎయ్యుండ్రి. చూసి నేర్సుకుంటడు."

రోజూ పొద్దున్నే ఇద్దరం నడిచి వెళ్లేవాళ్లం. సారు బొడ్డు చుట్టూ సూది పడ్డ జాగాలను గడియారంలా చెప్పేవాడు. ఈ రోజు మూడు గంటల మీద, రేపు నాలుగు మీద. సూది దిగేటప్పుడు ఆయన పళ్లు గిట్టకరుచుకోవడం నేను చూశాను. ఆయనకూ నొప్పే. నా వైపు తిరిగి మాత్రం, చీమ కుట్టినట్టుంది, ఇంతేనా అనేవాడు. ఇంటికి రాగానే నేను జమేదార్ ముందు నీళ్ల గిన్నె పెట్టి, గొంతుక్కూర్చుని చూసేవాణ్ణి. అది తాగేదాకా నాకు ప్రాణం ఉండేది కాదు. చప్పుడు చేస్తూ, నేలంతా తడుపుతూ తాగేది. నాకు అంత ఇంపైన చప్పుడు అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. ఒకనాడు పొద్దున గిన్నె ముట్టలేదు. మూతి తిప్పుకుంది. నేను గోడకు చేరగిలబడి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తర్వాత సారు భార్య వచ్చి, జమేదార్ సాబు తమ ఇంట్లో అప్పుడే చెంబెడు మజ్జిగ తాగి వచ్చాడని చెప్పింది.

పదో రోజు జమేదార్ రెండు రొట్టెలు తిని, మూడోదాని కోసం నా కాలు గోకింది. డాక్టరు విని, ఇక ఆపవచ్చు అన్నాడు. ఆపాలి అనలేదు. నేను చొక్కా కిందికి దించుకున్నాను. సారు ఒప్పుకోలేదు. పద్నాలుగంటే పద్నాలుగేనని, సగంలో ఆపితే నా భయం సగంలోనే ఉంటుందని అన్నాడు. ఆ చివరి నాలుగు సూదులు రోగానికి కాదు, జమేదార్‌కు కాదు, నేనాడిన అబద్ధానికి పడ్డాయి. నాలుగూ చాలా నొప్పిగా పడ్డాయి. బాధ ఏమిటంటే, ఆయనకూ పడ్డాయి.

పద్నాలుగో రోజు సాయంత్రం తలుపు వేసుకుని జమేదార్‌కు టీకా వేశాను. మెట్ల దగ్గరి కాగితం అలా ఎన్నో నెలలు ఆలస్యంగా నిజమైంది. తేదీ మాత్రం అబద్ధంగానే మిగిలింది.

కథ అప్పటికే ఊళ్లోకి పోయింది. హాజీ సాబు మండీలో చెప్పాడు, సారు బడిలో చెప్పాడు. నేను రోడ్డు మీద కనిపిస్తే పిల్లలు పొట్ట పట్టుకుని వంగేవాళ్లు. మా డాక్టరు నా చేతికి సిరంజి ఇస్తూ, ఫర్వాలేదా అని అడిగేవాడు. ఆ ఎగతాళిని నేను శిక్ష అనుకుని ఓర్చుకున్నాను. నిజానికి అది శిక్ష కాదు, ముసుగు. పిరికివాడన్న పేరు వెనుక మోసగాడు హాయిగా దాక్కున్నాడు. ఇల్లు ఖాళీ చేసిన రోజున హాజీ సాబును ఆ ఫ్రేము అడిగి తీసుకున్నాను. గుర్తుగా అనుకుని ఆయన సంతోషంగా ఇచ్చాడు. అది సాక్ష్యమని నాకు తెలుసు. తర్వాత బదిలీ అయిన మక్తల్‌లో ముసలితనంతో జమేదార్ పోయింది. ఫ్రేము మాత్రం బదిలీ అయిన ప్రతి ఊరికీ నా ట్రంకుపెట్టెలో వచ్చింది.

వీడ్కోలు సభ అయిన మర్నాడు దాన్ని బయటికి తీశాను. అద్దం విప్పి, పాత కాగితం మీద కొత్త కాగితం పెట్టాను. మా శాఖ భాషలోనే రాశాను. నాకు వచ్చిన గంభీరమైన భాష అదొక్కటే. సారు ఇప్పుడు దేవరకొండ దగ్గర సొంత ఊళ్లో ఉంటున్నాడు. బస్సు దిగి అడుగుతూ వెళ్లాను. కంటి ఆపరేషన్ అయి నాలుగు రోజులట, నల్ల అద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. గొంతు గుర్తుపట్టి, "సూదుల తమ్మీ!" అన్నాడు. సారు భార్య చాయ్ తెస్తానని లోపలికి పోయింది. నేను ఫ్రేము చేతిలో పెట్టాను. అంచులు తడిమి ఏమిటని అడిగాడు. కళ్లు కనబడవని, నన్నే చదవమన్నాడు.

నేను రాసేటప్పుడు అనుకున్నది, ఇచ్చి కూర్చుంటే ఆయన చదువుకుంటాడని. చదివాను.

"దిగువ సంతకం చేసిన నేను ధ్రువీకరించునది ఏమనగా, జమేదార్ అను కుక్కకు, దీని కింద ఉన్న సర్టిఫికెట్టులో చూపిన తేదీన టీకా ఇవ్వబడలేదు. ఆ రోజున దవాఖానలో టీకా లేదు. డాక్టరు గారికి ఈ సంగతి తెలియదు. సదరు కుక్క సారు గారిని కరిచిన రోజున కూడా దానికి టీకా లేదని నాకు తెలుసు. సారు గారి ప్రాణం పోయి ఉండేది, పోలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. దీనికి నేను విచారిస్తున్నాను."

చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని ఆమె గడప దగ్గరే ఆగిపోయింది. సారు ముంజేతిని, ఎప్పుడో మానిపోయిన ఆ జాగాను బొటనవేలితో రాసుకున్నాడు.

"అయితె నేను నీ సోపతి రాలేదన్నట్టు."

"లేదు సార్. నేనే మిమ్ముల తోల్కపోయిన."

సారు ఫ్రేమును నా వైపు నెట్టాడు.

"ఇది తీస్కపో. కాయితాలు నువ్వు ముందునుంచి మంచిగనే రాస్తవ్. నోటితోని చెప్పు."

నేను లేచి నిలబడ్డాను. ఎందుకో చేతులు వాటంతటవే పక్కలకు ఆనుకున్నాయి.

"సార్, ఉద్యోగం పోతదని, ఇల్లు పోతదని, మీ పాణం మీదికి తెచ్చిన. భయమైంది సూదికి గాదు, నిజం చెప్పెటందుకు. మీరు నన్ను మంచోణ్ణనుకొని పద్నాలుగు సూదులు ఓర్సుకున్నరు, నేను పాతికేండ్లు ఊకున్న. తప్పైంది సార్. అక్కా, మీక్కూడ. మాఫ్ చెయ్యుండ్రి."